బొమ్మ ఎవరిదైతే డబ్బు వాళ్లదే

నవంబర్ 2025లో మన అమ్మాయిలు మూడు ప్రపంచ కప్పులు గెలిచారు. 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద వన్డే క్రికెట్ కప్పు, 23న కొలంబోలో నేపాల్ మీద అంధుల టీ20 కప్పు, 24న ఢాకాలో చైనీస్ తైపీ మీద కబడ్డీ కప్పు. మొదటి జట్టుకు బీసీసీఐ 51 కోట్లు ప్రకటించింది. ఆ జట్టులోని కడప అమ్మాయి శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండున్నర కోట్లు, కడపలో 1,000 గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ఇస్తామంది. ఆ పిల్ల కష్టానికి అది ఎక్కువేమీ కాదు. కానీ అంధుల జట్టు కెప్టెన్ దీపికది కూడా మన సరిహద్దులోని శ్రీ సత్యసాయి జిల్లా పల్లేనని కప్పు గెలిచాక గానీ చాలామందికి తెలియలేదు. కబడ్డీ జట్టు కెప్టెన్ పేరు అడిగితే, ఇది చదువుతున్నవాళ్లలో ఎంతమంది ఫోన్ తీయకుండా చెప్పగలరు?

దాంతో పాత గొడవ మళ్లీ మొదలైంది. క్రికెట్ మిగతా ఆటలను తొక్కేస్తోందని ఒకరంటే, మిగతా ఆటలు తమంతట తామే మునిగాయని ఇంకొకరంటారు. ఈ వాదన ఎప్పుడు వచ్చినా 1983లో కపిల్ ప్రపంచ కప్పు ఎత్తిన లార్డ్స్ బాల్కనీ దగ్గరో, హాకీకి కృత్రిమ మైదానం వచ్చిన 1976 దగ్గరో మొదలవుతుంది. ఆ కథలు అందరికీ కంఠతా వచ్చు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. పైగా 1983 నాటికి కూడా క్రికెట్ బోర్డు పెద్ద ఆసామేమీ కాదు. అసలు మలుపు పదేళ్ల తర్వాత, మైదానంలో కాకుండా కోర్టులో జరిగింది.

1993లో బెంగాల్ క్రికెట్ సంఘం వజ్రోత్సవాలు చేసుకుంటూ హీరో కప్ పెట్టింది. టీవీ హక్కుల కోసం దూరదర్శన్‌తో బేరమాడి, కుదరక, టీడబ్ల్యూఐ అనే విదేశీ కంపెనీకి అమ్మేసింది. దూరదర్శన్‌కు ఒళ్లు మండింది. ఈ దేశంలో గాల్లోకి సిగ్నల్ వదలాలంటే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద సర్కారు లైసెన్సు కావాలని పట్టుబట్టింది. అంతటితో ఆగకుండా, మీ మ్యాచ్‌లు మేం చూపించాలంటే మీరే మాకు మ్యాచ్‌కు 5 లక్షల చొప్పున సాంకేతిక ఖర్చులు కట్టాలని నవంబర్‌లో లేఖ రాసింది. మళ్లీ చదవండి, క్రికెట్ వాళ్లే టీవీకి డబ్బు కట్టాలట! ఇవాళ నవ్వొస్తుంది గానీ అప్పటి లెక్క అదే. బొమ్మ చూపించేవాడే దొర, ఆటవాడు గుమ్మం దగ్గర నిలబడాల్సిందే. క్రికెటైనా, హాకీ అయినా, కబడ్డీ అయినా ఆ గుమ్మం ముందు వరుస ఒక్కటే.

టీడబ్ల్యూఐ తెచ్చిన పరికరాలను బొంబాయిలో కస్టమ్స్ వాళ్లు ఆపేశారు. కలకత్తా హైకోర్టు, అక్కడి నుంచి సుప్రీంకోర్టు. ఒక పక్క మ్యాచ్‌లు జరుగుతుంటే ఇంకో పక్క ఉత్తర్వులు వస్తున్నాయి. నవంబర్ 24 రాత్రి ఈడెన్ గార్డెన్స్‌లో కొత్తగా పెట్టిన లైట్ల కింద సెమీఫైనల్. ఆఖరి ఓవర్లో దక్షిణాఫ్రికాకు 6 పరుగులు కావాలి. సచిన్ బంతి తీసుకుని మూడే ఇచ్చాడు. మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ వరండాలో చెప్పులు వేసుకునే చోటు కూడా లేదు. మెట్ల మీద కూర్చున్నవాళ్లకు తెర కనబడదు, ముందున్నవాళ్ల వీపులు చూసి అవుటయ్యాడో లేదో తెలుసుకోవాలి. ఆ బొమ్మ మా ఇంటిదాకా రావడానికి వెనక ఇంత పంచాయితీ నడిచిందని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురు జడ్జిలలో ఒకరు మన హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఆయన విడిగా తీర్పు రాశారు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదన్నది ఆ తీర్పులో అందరికీ గుర్తున్న ముక్క. ప్రభుత్వం చేతిలోంచి తీసి ప్రైవేటు గుత్తేదార్ల చేతిలో పెట్టినా ప్రజలకు ఒరిగేదేమీ లేదని, వినేవాడి హక్కు, చూసేవాడి హక్కు ముఖ్యమని ఆయన హెచ్చరించిన సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు. జనం ఆస్తిని జనం కోసం వాడాలన్న తీర్పు నుంచి క్రికెట్ బోర్డు తనకు కావలసిన ఒక్క ముక్క తీసుకుంది. నా ఆట బొమ్మ నాది, ఎవరికి ఎక్కువకు అమ్ముకుంటానో నా ఇష్టం.

నాలుగేళ్లలో సీను తిరగబడింది. మ్యాచ్‌కు 5 లక్షలు కట్టమన్న అదే దూరదర్శన్, 1999లో భారత్‌లో జరిగే మ్యాచ్‌ల ఐదేళ్ల హక్కుల కోసం రెండు వందల కోట్లకు పైగా బోర్డుకు ఇవ్వడానికి ఒప్పుకుంది.

అదే తీర్పు హాకీ సమాఖ్యకూ వర్తిస్తుంది, అథ్లెటిక్స్ సమాఖ్యకూ వర్తిస్తుంది. వాళ్లెందుకు అమ్ముకోలేకపోయారని అడగొచ్చు. కొంత వాళ్ల తప్పే. 2008లో భారత హాకీ సమాఖ్య పెద్దలు లంచం వ్యవహారంలో ఎలా పట్టుబడ్డారో, ఒలింపిక్ సంఘం ఎన్నికల గొడవతో 2012లో ఎలా సస్పెండైందో తెలిసినవే. కానీ అమ్మకానికి సరుకు ఒక్కటే చాలదు, కొనేవాడి జేబులో డబ్బు మిగలాలి. కేబుల్ టీవీ పుట్టిన కొత్తలో ప్రకటనల బడ్జెట్ మొత్తాన్ని మొదట దుకాణం తెరిచినవాడే ఊడ్చుకుపోయాడు. ప్రకటనల వ్యాపారం చేసే గ్రూప్‌ఎం కంపెనీ లెక్క ప్రకారం 2024లో మన దేశంలో ఆటల మీద కంపెనీలు పెట్టిన ఖర్చు 16,633 కోట్లు. అందులో 85 శాతం క్రికెట్‌దే. మిగతా ఆటలన్నీ కలిపి రూపాయిలో పదిహేను పైసలు పంచుకోవాలి.

ప్రయత్నం చేయలేదనీ అనలేం. 2005 జనవరిలో ప్రీమియర్ హాకీ లీగ్ మన గచ్చిబౌలిలోనే మొదలైంది. ఐపీఎల్‌కు మూడేళ్ల ముందే నగరాల పేర్లతో జట్లు వచ్చాయి, మ్యాచ్‌లు టీవీలో వచ్చాయి. తొలి టైటిల్ గెలిచింది హైదరాబాద్ సుల్తాన్స్. ఆ పేరు ఇప్పుడు చెబితే బిర్యానీ హోటల్ అనుకుంటారు. 2008లో ఐపీఎల్ మొదలైంది, ఆ ఏడాదితోనే హాకీ లీగ్ ఆగిపోయింది.

ఆ మధ్యలో వచ్చిన 2007 సెప్టెంబర్ గురించి చెప్పకపోతే ఇవాళ్టి కోపం అర్థం కాదు. 9న చెన్నైలో మన హాకీ జట్టు దక్షిణ కొరియాను 7-2తో చిత్తు చేసి ఆసియా కప్ గెలిచింది. 24న ధోనీ జట్టు టీ20 ప్రపంచ కప్ గెలిచింది. బోర్డు జట్టుకు 20 లక్షల డాలర్లు, ఆరు సిక్సర్లు కొట్టిన యువరాజ్‌కు విడిగా కోటి ప్రకటించింది. బోర్డు డబ్బు బోర్డు ఇష్టం, అంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. ముఖ్యమంత్రులు కూడా వరుసకట్టి బహుమతులు ప్రకటించడం మొదలుపెట్టాక ఒళ్లు మండింది. కర్ణాటక ప్రభుత్వం రాబిన్ ఉతప్పకు నగదు ఇస్తామనేసరికి, అదే రాష్ట్రానికి చెందిన హాకీ ఆటగాళ్లు, కోచ్ జోక్విమ్ కార్వాలో కలిసి ముఖ్యమంత్రి ఇంటి ముందు నిరాహార దీక్షకు కూర్చుంటామన్నారు. రెండు వారాల కిందటే దేశానికి కప్పు తెచ్చినవాళ్లు అన్నం మానేస్తామంటే గానీ పేపర్లలో మొదటి పేజీకి రాలేదు.

2024లో సరిగ్గా అదే జరిగింది. టీ20 కప్పు గెలిచిన జట్టుకు బోర్డు 125 కోట్లు ఇచ్చింది, మహారాష్ట్ర ప్రభుత్వం 11 కోట్లు ప్రకటించింది. అప్పుడు ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టి నోరు విప్పాడు. థామస్ కప్ అంటే బ్యాడ్మింటన్‌లో ప్రపంచ కప్పే కదా, 2022లో దాన్ని గెలిచిన జట్టులో మహారాష్ట్ర నుంచి ఉన్నది నేనొక్కణ్నే, నన్ను పిలిచి పలకరించినవాళ్లు లేరన్నది అతని బాధ. ఆ జట్టులో మనవాళ్లూ ఉన్నారు, అమలాపురం సాత్విక్, గుంటూరు శ్రీకాంత్. 2022 మే 15న బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3-0తో ఓడించిన ఆ జట్టు మొత్తానికి కేంద్ర క్రీడాశాఖ ఇచ్చింది కోటి. నెల తిరగకుండా, జూన్‌లో, ఐపీఎల్ ఐదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో క్రీడాశాఖ మొత్తానికి కేటాయించింది 3,794 కోట్లు. అందులో జాతీయ క్రీడా సమాఖ్యలన్నిటికీ కలిపి 400 కోట్లు.

తెలంగాణ ఈ విషయంలో కొంత నయం. హైదరాబాద్‌లో 600 గజాలు, డీఎస్పీ ఉద్యోగం క్రికెటర్ సిరాజ్‌కు ఇచ్చినట్టే బాక్సర్ నిఖత్ జరీన్‌కూ ఇచ్చారు. పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజికి కోటి, వరంగల్‌లో స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించారు. కానీ ఇవన్నీ గెలిచి ఇంటికొచ్చాక వేసే దండలు. గెలవకముందు పదేళ్లు ఎవరు సాకాలి? డబ్బున్నవాళ్లయితే తప్ప పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దని 2025 ఫిబ్రవరిలో అన్నది ఎవరో కాదు, పుల్లెల గోపీచంద్. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన మనిషి నోట ఆ మాట వచ్చింది.

క్రికెట్‌కు, మిగతా ఆటలకు మధ్య గొడవగా దీన్ని చూస్తే ఒక చిన్న సంగతి తప్పిపోతుంది. 2005లో మన మహిళా క్రికెట్ జట్టు ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. ఒక్కో మ్యాచ్‌కు తమకు ముట్టింది వెయ్యి రూపాయలని అప్పటి కెప్టెన్, హైదరాబాదీ మిథాలీ రాజ్ చెప్పింది. ఆటా ఒకటే, పిచ్ పొడవూ ఒకటే. అయితే అప్పుడు మహిళల క్రికెట్ వేరే సంఘం కింద ఉండేది. 2006లో బీసీసీఐ కిందికి వచ్చింది, 2022లో మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు వచ్చింది, 2025లో 51 కోట్లు వచ్చాయి. అంధుల క్రికెట్ కూడా క్రికెట్టే, కానీ అది బోర్డు గొడుగు కింద లేదు. కాబట్టి దీపిక జట్టుకు ఆ లెక్కలు వర్తించవు. ఆట పేరులో ఏమీ లేదు. 1995లో బొమ్మ ఎవరి చేతికొచ్చిందో వాళ్ల గుమ్మం లోపల ఉన్నావా బయట ఉన్నావా, అంతే.

బోర్డు తరఫు మాటా చెప్పాలి. మేం సర్కారు గ్రాంటు తీసుకోం, మా సంపాదనతో దేశవాళీ ఆటగాళ్లను పోషిస్తున్నాం, పాత ఆటగాళ్లకు పెన్షన్ ఇస్తున్నాం, పారిస్ ఒలింపిక్స్‌కు ఒలింపిక్ సంఘానికి 8.5 కోట్లు మేమే ఇచ్చాం అంటారు. అన్నీ నిజాలే. స్టేడియాలకు చాలాచోట్ల ప్రభుత్వాలు ఇచ్చిన స్థలాల సంగతి ఆ జాబితాలో ఉండదు. భారత్ అన్న పేరు కూడా ఉండదు. 2004లో ప్రసార హక్కుల మీద జీ టెలిఫిల్మ్స్ వేసిన కేసులో, ఆడేది బీసీసీఐ జట్టే గానీ అధికారికంగా భారత జట్టు కాదని బోర్డు వాదించింది. 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 3-2 తేడాతో, రాజ్యాంగం ప్రకారం బోర్డు ప్రభుత్వ సంస్థ కిందికి రాదని తేల్చింది. తరంగాలు జనానివి అన్న తీర్పుతో ఎదిగిన సంస్థ పదేళ్లకు, నేను జనం సంస్థను కాదు అన్న తీర్పు తెచ్చుకుంది.

ఆ నవంబర్ గొడవ వెనక అదే ఏడాది ఆగస్టులో వచ్చిన చట్టం ఉంది. జాతీయ క్రీడా పాలన బిల్లును 2025 జులై 23న లోక్‌సభలో పెట్టారు. గుర్తింపు ఉన్న ప్రతి క్రీడా సంస్థా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని మొదటి ముసాయిదాలో ఉంది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది కాబట్టి బోర్డూ గుర్తింపు తీసుకోక తప్పదు. బోర్డు సమాచార హక్కు చట్టం కిందికి రావాలని 2018లోనే లా కమిషన్ చెప్పింది. అదే ఏడాది అక్టోబర్‌లో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్న మాడభూషి శ్రీధర్, బోర్డు లెక్కలు అడిగే హక్కు పౌరులకు ఉందని ఉత్తర్వే ఇచ్చారు. బోర్డు కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంది. ఇప్పుడిక తప్పదనుకుంటుండగా ఆ క్లాజు మారింది. ప్రభుత్వం నుంచి డబ్బు, సాయం తీసుకునే సంస్థలకే ఆ నిబంధన అని దిద్దారు. ఆగస్టు 11న లోక్‌సభ, 12న రాజ్యసభ ఆమోదించాయి, 18న రాష్ట్రపతి సంతకమైంది.

అంటే సర్కారు ఇచ్చే నాలుగు డబ్బులతో పిల్లల్ని పోటీలకు పంపే సమాఖ్యను ఇకపై పది రూపాయల దరఖాస్తుతో ఎవరైనా లెక్క అడగొచ్చు. 48,390 కోట్లకు బొమ్మ అమ్మిన బోర్డును అడగలేరు.