రోజూ గీస్తే రోజు గడుస్తుందా? ఇండోనేషియా కామిక్స్ వెనుక కథ

జకార్తా, బాండుంగ్, యోగ్యకర్తల్లో ఇవాళ కామిక్స్ గీసేవాళ్లలో చాలామంది తమ ఇంటి సంగతులే గీస్తున్నారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సాయంత్రం, పిల్లల బడి గొడవలు, వీధిలోకి వచ్చిన వరద నీళ్లు, రంజాన్ పండక్కి ఊరెళ్లే టికెట్ల పాట్లు. హీరోల కథలకు అంత పేరున్న దేశంలో గీతకారులు ఇలా వంటింటి వైపు మళ్లడానికి కారణం అభిరుచి ఒక్కటే కాదు. గీసింది ఎవరు, డబ్బు ఎవరికి పోయింది, హక్కు ఎవరి చేతిలో మిగిలింది అన్న పాత లెక్క ఒకటి దీని వెనుక ఉంది.

అసలు అక్కడి కామిక్స్‌కు తొలి పేరు తెచ్చిందే రోజువారీ బతుకు. 1931 నుంచి బటావియాలో, అంటే నేటి జకార్తాలో, ‘సిన్ పో’ పత్రికకు ఖో వాన్ గీ ‘పుట్ ఒన్’ గీశాడు. పుట్ ఒన్ చైనా సంతతి ఇంట్లో పెళ్లికాని లావుపాటి అబ్బాయి. అమ్మతో ఉంటాడు, మంచి చేయబోయి తిట్లు తింటాడు. జపాన్ ఆక్రమణ కాలం పక్కనపెడితే ఆ బొమ్మలు దాదాపు మూడు దశాబ్దాలు నడిచాయి. పత్రికలో చోటున్నంతకాలం గీతకారుడికి నెలకింత అని వస్తుంది. పుస్తకాల కామిక్స్‌కు ఆ భరోసా ఉండేది కాదు.

పుస్తకాల దారి వేసింది బొగోర్‌కు చెందిన ఆర్.ఎ. కోసాసిహ్ (1919–2012). వ్యవసాయ శాఖలో బొమ్మలు వేసే ఉద్యోగం చేసినవాడు. 1954లో బాండుంగ్‌లోని మెలోడీ సంస్థ ఆయన ‘శ్రీ అసిహ్’ వేసింది. ఎగిరే వీరనారి కథ అది. ఇలాంటివన్నీ అమెరికా నకళ్లు, పిల్లల్ని చెడగొడతాయి అని టీచర్లు, విద్యావేత్తలు విరుచుకుపడ్డారు. కోసాసిహ్ అప్పుడు వాయాంగ్ వైపు తిరిగి మహాభారతం, రామాయణం సంపుటాలుగా గీశాడు. వాయాంగ్ వాళ్ల తోలుబొమ్మలాట. మన ఘటోత్కచుడు అక్కడ గటోట్కచ, జనానికి ప్రాణం. దాంతో ఆ విమర్శల జోరు తగ్గింది. ఆయన్ని ‘ఇండోనేషియా కామిక్స్ పితామహుడు’ అనడానికి ఈ పుస్తకాలే ప్రధాన కారణం.

1960ల చివర అసలు జోరు. గనెస్ టి.హెచ్. 1967లో గుడ్డి యోధుడి కథ ‘సి బుతా దారి గువా హంతు’ తెచ్చాడు. 1969లో హస్మి సూపర్ హీరో కథ ‘గుండల’ తెచ్చాడు. చిన్న సైజు పుస్తకాలు, పేజీకి సాధారణంగా రెండు బొమ్మలు, కథ భాగాలు భాగాలుగా సాగేది. జనం వీటిని కొన్నది తక్కువ, అద్దెకు తెచ్చుకున్నది ఎక్కువ. ‘తమాన్ బచాన్’ అనే వీధి కొట్లలో కాసిని నాణేలిస్తే చాలు, అక్కడే కూర్చుని చదవొచ్చు. ఒకే కాపీ అట్ట ఊడిపోయేదాకా చేతులు మారేది. చదివేవాళ్లు పెరిగినా అమ్మకం పెరగదు.

దీనికి తోడు ‘జువల్ పుతుస్’ పద్ధతి ఉండేది. ప్రతి భాగానికీ ఒకేసారి డబ్బిచ్చి తెగతెంపులు చేసుకోవడమన్నమాట. తర్వాత ఎన్నిసార్లు అచ్చేసినా గీతకారుడికి పైసా రాదు. ఎన్ని పేజీలు గీస్తే అంత రాబడి కాబట్టి వేగం పెంచక తప్పేది కాదు. దాని జాడ బొమ్మల్లోనే కనిపిస్తుంది: వెనుక దృశ్యం ఖాళీ అవుతుంది, ముఖాలే మిగులుతాయి, ఒక దెబ్బలాట పది పేజీలు సాగుతుంది. అసలు బొమ్మలు చాలావరకు అచ్చాఫీసులోనే ఉండిపోయి పాడయ్యాయి. తర్వాత మళ్లీ అచ్చు వేయాలంటే పాత పుస్తకాలనే స్కాన్ చేయాలి. పసుపెక్కిన న్యూస్‌ప్రింట్ మీద సన్నగీతలు విరిగి వస్తాయి, నల్లటి భాగాలు ముద్దకడతాయి.

1985లో మొదలైన ప్రచురణ సంస్థ ఎలెక్స్ మీడియా కొంప్యుతిందో, ఆ దశాబ్దం చివరి నుంచి మాంగాను, అంటే జపాన్ కామిక్స్‌ను, అనువాదంగా పెద్ద ఎత్తున తెచ్చింది. ప్రచురణకర్త లెక్క తేలికే. దాదాపు రెండువందల పేజీల పుస్తకం సిద్ధంగా ఉంది, మరో దేశంలో అమ్ముడుపోయి ఉంది, లైసెన్సు, అనువాదం ఖర్చు పెట్టుకుంటే చాలు. అదే మందం స్థానికంగా గీయించాలంటే ఒక మనిషికి ఏడాది పని. స్థానిక కామిక్స్ నిలబడింది మళ్లీ పత్రికల్లోనే. 1978లో కొద్దికాలం మూతపడి తెరుచుకున్న ‘కోంపస్’ దినపత్రికలో 1979 నుంచి ద్వి కూందోరో ‘పంజి కోమింగ్’ గీశాడు. పాత్రలన్నీ పాత జావా రాజ్యం మజాపహిత్ నాటివి, చురకలన్నీ అప్పటి అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వానికి.

గీతకారులు తమ రోజులనే గీసే డైరీ కామిక్స్ ఈ ఖాళీలోంచే పుట్టాయి. ప్రచురణకర్త అక్కర్లేదు, సహాయకుడు అక్కర్లేదు, కథ వెతుక్కోనక్కర్లేదు, ఉద్యోగం మానక్కర్లేదు. తితా లారాసతి 1995లో జర్మనీలో ఉండగా తన రోజులను బొమ్మలుగా గీసి ఇంటికి ఫ్యాక్స్ చేయడంతో మొదలుపెట్టారు. ఫ్యాక్స్‌కు నలుపు, తెలుపు తప్ప మరో రంగు తెలియదు. పెన్సిల్ నీడలు మాయమవుతాయి, పెన్ను గీత, అడ్డగీతల నీడ మాత్రమే బతుకుతాయి. ఆ డైరీలు 2008లో ‘చుర్హాత్ తితా’ పుస్తకమయ్యాయి. బెన్నీ, మీస్ జంట 2003 నుంచి ‘కోంపస్’ ఆదివారం పేజీలో జకార్తా వాసుల వేషాలు గీసింది. వాళ్లదీ ఇదే బాట.

మరోపక్క జిరాక్స్ పుస్తకాలు. యోగ్యకర్తలో ఎకో నుగ్రోహో 2000లో మొదలుపెట్టిన ‘దాగింగ్ తుంబుహ్’ పలువురి బొమ్మలను కలిపి జిరాక్స్ తీసిన సంకలనం. ఇప్పటికీ కొత్తవాళ్లు ఇలాగే మొదలుపెడతారు. ఏ4 కాగితం మడిస్తే ఏ5 పేజీలు నాలుగు. కాబట్టి పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. 16 పేజీలకు నాలుగు కాగితాలు. పై కాగితానికి బయటివైపు 16, 1, లోపలివైపు 2, 15. అంచున సెంటీమీటరు ఖాళీ ఉంచకపోతే యంత్రం బొమ్మ కొసను మింగేస్తుంది. పెద్ద నల్లటి మచ్చలు వేస్తే మధ్యలో తెల్లబారతాయి. అక్కడ గీతలతో నింపడమే మేలు.

2015లో ఫోన్‌లో కామిక్స్ చదివే యాప్ లైన్ వెబ్‌టూన్ ఇండోనేషియన్‌లో వచ్చింది, ఇన్‌స్టాగ్రామ్ అప్పటికే ఉంది. దాంతో పేజీ ఆకారమే మారింది. వెబ్‌టూన్‌లో ఎవరైనా తమ కామిక్స్ పెట్టుకోగల ‘కాన్వాస్’ విభాగానికి వెడల్పు 800 పిక్సెళ్లు, కిందికి జరుపుకుంటూ చదవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో 1080కి 1350; 2017 నుంచి ఒక పోస్టులో పది బొమ్మలు పట్టేవి. ఫోన్ తెర వెడల్పు ఏడు సెంటీమీటర్లలోపే కాబట్టి 1080 వెడల్పులో అక్షరం 40 పిక్సెళ్లకు తగ్గితే రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు, బస్సులో చదవలేరు. ఎక్కువమంది దెబ్బతినేది పుస్తకం వేసేటప్పుడు. సరిగ్గా 800 పిక్సెళ్లలో గీసింది అచ్చులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 6.8 సెంటీమీటర్లకు మించదు. మొదటే 2400లో గీసి అప్‌లోడ్‌కు తగ్గించుకుంటే 20 సెంటీమీటర్ల వెడల్పు చేతిలో ఉంటుంది. గీతల నలుపును నల్ల సిరా ఒక్కదానితోనే అచ్చు వేయించాలి. నాలుగు రంగులూ కలిపిన నలుపైతే అచ్చు ప్లేట్లు కాస్త జరిగినా అక్షరాల చుట్టూ రంగు అంచులు కనిపిస్తాయి.

ఇక డబ్బు. ఉదాహరణకు 80,000 రూపియా ధర, పది శాతం రాయల్టీ, 3,000 కాపీలూ అమ్ముడయ్యాయి అనుకుందాం. వచ్చేది 2 కోట్ల 40 లక్షల రూపియా. 120 పేజీల పుస్తకమైతే పేజీకి రెండు లక్షలు. మన రూపాయల్లో వెయ్యి, పన్నెండు వందలు. ఇందులోనే పన్ను కోత ఉంది. రాయల్టీ మీద 15 శాతం మూలంలోనే పట్టుకునేవారు, పన్ను నంబరు లేకపోతే రెట్టింపు. 2017లో నవలాకారుడు తెరె లియె దీనిమీద బహిరంగంగా గొడవకు దిగాక విషయం జనంలోకి వచ్చింది. 2023 నుంచి, ఏడాది రాబడి 480 కోట్ల రూపియాలోపు ఉండి రాబడిలో ఒక వంతునే లాభంగా లెక్కించే అంచనా పద్ధతి ఎంచుకున్నవాళ్లకు రాయల్టీలో 40 శాతం మీదే ఆ 15 శాతం లెక్కిస్తున్నారు, అంటే నికరంగా 6 శాతం. ఏడాది మొదటి మూడు నెలల్లో పన్ను ఆఫీసుకు తెలియజేసి, ఆ రసీదు ప్రచురణకర్తకు ఇవ్వాలి. ఇవ్వకపోతే పాత కోతే. అందుకే డైరీ గీసేవాళ్లకు అసలు రాబడి ప్రకటనల పోస్టుల నుంచో, కార్యకర్స, త్రక్తీర్ లాంటి సైట్లలో పాఠకులిచ్చే చిన్న మొత్తాల నుంచో, జకార్తా ప్రాంతంలో జరిగే కొమిఫురో కామిక్స్ సంతలో అమ్మే స్టిక్కర్ల నుంచో వస్తుంది.

జువల్ పుతుస్ పోలేదు. 2014 కాపీరైట్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అలా అమ్మేసిన హక్కు 25 ఏళ్లకు రచయితకు తిరిగొస్తుంది. అయితే అందులో పేర్కొన్నవి పుస్తకాలు, ఇతర రాతలు, పాటలు, సంగీతం. విడి బొమ్మల పేరు లేదు, ఫోన్ తెర మీద వచ్చే కామిక్స్ ఎపిసోడ్ల సంగతి వాదనకు వదిలేసినట్టే. అందుకని కాస్త అనుభవం ఉన్నవాళ్లు చట్టాన్ని నమ్ముకోకుండా ఒప్పందంలోనే రాయించుకుంటున్నారు: గడువు మూడేళ్లో ఐదేళ్లో, అచ్చుకు ఒక హక్కు, డిజిటల్‌కు ఒకటి, సినిమాకు వేరొకటి, పాత్ర పేరు గీసినవాళ్లదే, అసలు ఫైళ్లు ఇవ్వబడవు.