పాస్కా జాగరణ ఎన్ని గంటలకు?

ఏటా ఈస్టర్‌కి ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం పూజ అయ్యాక మా కేథలిక్ విచారణలో, అంటే ఒక ఫాదర్ గారి పరిధిలో, ఒక మీటింగ్ జరుగుతుంది. గుడి పక్కన రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. గురువారం పాదాలు కడిగించుకునే పన్నెండు మంది ఎవరు, శుక్రవారం స్లీవ మార్గానికి (యేసు సిలువ మోసిన దారిని తలుచుకునే ప్రార్థనకి) మైకు బండి ఎవరు తెస్తారు, జ్ఞానస్నానం తీసుకునేవాళ్లకి తెల్లబట్టలు కొన్నారా లేదా, ఇవన్నీ పావుగంటలో తేలిపోతాయి. తేలనిది ఒక్కటే. శనివారం రాత్రి పాస్కా జాగరణ, అంటే యేసు తిరిగి లేచిన ఈస్టర్ పండుగకి మేలుకుని చేసే పూజ, ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి?

శ్రీకాకుళం టౌన్‌లో ఉండేవాళ్లు పదకొండు అంటారు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఏడు అంటారు. ఒక ఏడాది మాట కాస్త పెరిగింది కూడా. "మా తాతల నాటి నుంచీ పదకొండే. పాస్కా అంటే అర్ధరాత్రి. దాన్ని సాయంత్రం పూజలా చేసేస్తే ఎలా?" అన్నారు ఒక రిటైర్డ్ మాస్టారు. వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. "మాస్టారూ, మీ ఇల్లు గుడెనకాలే. మాది పన్నెండు కిలోమీటర్లు. పూజయ్యేసరికి రెండవుద్ది. అప్పుడు మాకు ఆటో ఎవులు కడతారండి?" ఫాదర్ గారు ఎప్పట్లాగే నవ్వి, ప్రార్థన చేసుకుని చెప్తానన్నారు.

ఆ "తాతల నాటి నుంచీ" అన్న మాట నన్ను వదల్లేదు. వెనక్కి వెళ్లి చూస్తే తేలిందేమిటంటే, పదకొండు గంటల వయసు డెబ్బై ఏళ్లు. అంతకుముందు మన తాతలు పాస్కా జాగరణ చేసింది రాత్రి కాదు. శనివారం పొద్దున, ఎండలో.

మా వీధిలో ఒక ఉపదేశి గారి కూతురు ఉన్నారు. ఉపదేశి అంటే గురువు లేని ఊళ్లో జపాలు చెప్పించే ఆయన. ఎనభై అయిదు దాటాయి, మాట మాత్రం ఇంకా గట్టిగానే ఉంటుంది. అడిగితే వెంటనే చెప్పారు. "పొద్దున్నే ఎల్లీవోలం. గుడి ముందు నిప్పు ఎలిగించీవోరు. ఎండలో మంట కూడా అవుపడీది కాదు. గంటలు మోగినాయంటే అయిపోనట్టే, మజ్జానం నుంచి ఉపాసం నేదు." జాగరణలో పాడే పాస్కా ప్రకటన నిండా "ఇదే ఆ రాత్రి" అన్న మాట పదే పదే వస్తుంది. పట్టపగలు అది పాడుతుంటే మీకు వింతగా లేదా అని అడిగాను. ఆవిడ నన్ను జాలిగా చూశారు. "లేటిన్ కదా నాయినా. రేత్రని పాడతన్నారో పగలని పాడతన్నారో మాకేటి తెలుసు?"

రాత్రి పండుగ పగటికి ఎలా జరిగిందన్నది ఒక్కరోజులో జరిగిన కథ కాదు. తొలి శతాబ్దాల్లో క్రైస్తవులు శనివారం రాత్రంతా మేలుకుని, పఠనాలు విని, కొత్తవాళ్లకి జ్ఞానస్నానం ఇచ్చి, తెల్లారగట్ల సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే రొట్టె, తీసుకునేవాళ్లు. పెద్దవాళ్ల జ్ఞానస్నానాలు తగ్గి పసిపిల్లలవి పెరిగేకొద్దీ ఆ రాత్రికి పని తగ్గింది. మధ్యయుగాల్లో వేళ కొంచెం కొంచెంగా ముందుకి జరిగి సాయంత్రానికి, అక్కడి నుంచి మధ్యాహ్నానికి వచ్చింది. దాని వెనక కడుపు సంగతి కూడా ఉంది. సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదని నియమం. పూజ ఎంత ఆలస్యమైతే అంత ఆకలి. 1566లో పోప్ ఐదవ పయస్ మధ్యాహ్నం దాటాక పూజ చేయకూడదని కట్టడి చేశారు. దాంతో పవిత్ర వారం పూజలన్నీ ఉదయానికే వచ్చి కూర్చున్నాయి. గురువారం కడరా భోజన పూజ పొద్దున, శుక్రవారం ఆరాధన పొద్దున, పాస్కా జాగరణ శనివారం పొద్దున. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాల తపస్సు కాలం శనివారం మధ్యాహ్నంతో ముగిసిపోయేది. ముసలావిడ చెప్పిన లెక్క సరిగ్గా అదే.

ఫ్రాన్స్ సరిహద్దు కొండల దగ్గరి అనెసీ నుంచి సలేసియ గురువులు 1840ల్లో ఈ తీరానికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది ఈ పొద్దుటి పాస్కానే. 1850లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన వాళ్ల మిషన్ హద్దులు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇటు మన సముద్రం, అటు నాగపూర్. 1886లో విశాఖ మేత్రాసనం, అంటే ఒక బిషప్ పరిధి, అయింది, మరుసటి ఏడాది నాగపూర్ విడిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కేథలిక్కులు మాత్రం ఇంకో వందేళ్లకి పైగా విశాఖ కిందే ఉన్నారు. శ్రీకాకుళం మేత్రాసనం వచ్చింది 1993లో. మొదట్లో అంత నేలకీ ఉన్నది గుప్పెడు మంది గురువులు. రైలు కూడా 1890ల దాకా లేదు. ఎడ్లబండి మీద, కాలినడకన తిరిగే గురువు ఒకే శనివారం పది ఊళ్లలో ఉండలేడు కదా. గురువు చేరని ఊళ్లో పండుగ భారం ఉపదేశి మీద పడేది. జపాలు చెప్పించడం, పాటలు పాడించడం, చావుకీ పెళ్లికీ ముందు నిలబడటం అన్నీ ఆయనే. మన మిషన్ చరిత్రల్లో గురువుల పేర్లు ఉంటాయి గానీ ఉపదేశుల పేర్లు వెతుక్కోవాలి. అది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

మార్పు రోమ్ నుంచే వచ్చింది. 1951లో పోప్ పన్నెండవ పయస్ పాస్కా జాగరణని తిరిగి రాత్రికి తీసుకెళ్లొచ్చని ప్రయోగంగా అనుమతి ఇచ్చారు. 1953లో ఉపవాస నియమం సడలింది. మంచినీళ్లు తాగొచ్చన్నారు, సాయంత్రం పూజలకి దారి తెరిచారు. 1955 నవంబర్‌లో పవిత్ర వారం మొత్తాన్ని సరిదిద్దుతూ ఆజ్ఞ వచ్చింది, 1956 నుంచి అమలు. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 1న. అంటే మన పెద్దవాళ్లు నియమం ప్రకారం రాత్రి చేసిన మొదటి పాస్కా 1956 మార్చి 31 నాటిది. ఆ ఆజ్ఞలో ఒక మాట ఉంది. జాగరణలోని పూజ భాగం సుమారు అర్ధరాత్రికి మొదలయ్యేలా వేళ పెట్టుకోవాలని. నిప్పు దీవించడం, పాస్కా వత్తి అనే పెద్ద కొవ్వొత్తి ఊరేగింపు, పఠనాలు ముందే కావాలి కాబట్టి పదిన్నర, పదకొండుకి గుడి ముందు చేరాలి. మాస్టారి పదకొండు గంటలు పుట్టింది ఇక్కడే.

ఆ తర్వాత రెండవ వాటికన్ మహాసభ 1963లో మాతృభాషల్లో ఆరాధనకి తలుపు తీసింది. ఆ దశాబ్దం ముగిసేసరికి "ఇదే ఆ రాత్రి" అన్న మాట తెలుగులో వినబడింది, అదీ నిజంగా రాత్రి పూట. 1970 పూజాగ్రంథం అర్ధరాత్రి మాట ఎత్తలేదు. చీకటి పడ్డాకే మొదలుపెట్టాలి, ఆదివారం తెల్లారకముందే ముగించాలి, అంతే. 1988లో రోమ్ ఇంకో లేఖ రాసి, మామూలు శనివారం సాయంత్రం పూజ వేళకి పాస్కా జాగరణ పెట్టేయడం తప్పని గట్టిగానే చెప్పింది. మాస్టారు చేతిలో పెట్టుకుని ఊపేది ఆ లేఖనే.

కానీ ఆ లేఖ రాసినవాళ్ల ఆకాశం వేరు, మన ఆకాశం వేరు. ఏప్రిల్ మొదటి వారంలో శ్రీకాకుళంలో సూర్యుడు ఆరూ పది ప్రాంతంలో కుంకుతాడు. ఏడుకి చీకటే. రోమ్ గడియారాల్లో ఏడంటే అప్పటికి ఇంకా వెలుతురు. అక్కడ ఏడుకి మొదలుపెడితే తప్పు కావచ్చు. ఇక్కడ ఏడుంపావుకి నిప్పు వెలిగిస్తే ఏ నియమమూ చెడదు.

ఇంతకీ చీకటి ఎందుకంత ముఖ్యమో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. గుడిలో లైట్లన్నీ ఆర్పేస్తారు. సీరియల్ బల్బులు కూడా పీకేస్తారు. గుమ్మం ముందు పాత ఇనప బాండీలో కొబ్బరి డొక్కలు, పీచు, ఎండిన తాటి కమ్మలు. ఫాదర్ గారు పాస్కా వత్తి మీద స్లీవ గీసి, పైన ఆదీ కింద అంతమూ అని అక్షరాలు, మధ్యలో ఆ ఏటి నాలుగు అంకెలు గీస్తారు. ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చుతారు. కొత్త నిప్పుతో వత్తి ముట్టిస్తారు. సముద్రం గాలికి అది ఒకసారైనా ఆరుతుంది. పక్కన నిలబడ్డ కుర్రాడు అగ్గిపెట్టె తీయబోతాడు, ఎవరో వాడి చెయ్యి పట్టుకుంటారు. మళ్లీ ఆ నిప్పులోంచే వెలిగించాలి. లోపలికి వెళ్లాక ఒకరి కొవ్వొత్తి నుంచి ఒకరు అంటించుకుంటారు. మైనం చేతి మీద పడకుండా కాగితపు టీ గ్లాసు అడుగున కన్నం చేసి కొవ్వొత్తి దూరుస్తారు. అయిదు నిమిషాల్లో గుడంతా పసుపు వెలుగు. గురువారం రాత్రి నుంచి గంట నోరు మూసుకుని ఉంటుంది, దాని బదులు చెక్క మీద చెక్క కొట్టిన చప్పుడే. జాగరణలో మహిమ గీతం ఎత్తుకోగానే గంటలన్నీ ఒక్కసారి మోగుతాయి. మా పక్క వీధి హిందువుల ఇళ్లలో కూడా "లేచేశాడు" అనుకుంటారట ఆ చప్పుడికి.

పఠనాల దగ్గర మాత్రం నాకు మాస్టారి వర్గంతో పేచీ ఉంది. పాత నిబంధన నుంచి ఏడు పఠనాలు ఉన్నాయి. అవసరమైతే మూడుకి తగ్గించుకోవచ్చు, ఎర్ర సముద్రం దాటిన ఘట్టం మాత్రం వదలకూడదు. పదకొండు కావాలని పట్టుబట్టేవాళ్లే మూడు పఠనాలు చాలంటారు. ఏడు గంటలకి రమ్మనే ఊళ్లవాళ్లేమో ఏడూ వింటారు, చాప తెచ్చుకుని మరీ.

మా మిత్రుల్లో బాప్టిస్టులు చాలామంది. వాళ్ల పండుగ మేం ఇంటికి చేరి ఒక కునుకు తీసేసరికి మొదలవుతుంది. ఈస్టర్ తెల్లవారుజామున నాలుగింటికి సమాధుల తోటకి వెళ్తారు. ముందురోజే సమాధులకి సున్నం వేసి, పూలు, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటారు. ఇక్కడ ప్రొటెస్టెంట్ కథ మాకంటే ముందుది. లండన్ మిషన్ వాళ్లు 1805లో విశాఖకి వచ్చారు. పర్లాకిమిడి దగ్గర పుట్టి శ్రీకాకుళంతో ముడిపడిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన కీర్తనలు ఇప్పటికీ వాళ్ల గుళ్లలో పాడతారు. 1870ల నుంచి కెనడా బాప్టిస్టులు భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి ప్రాంతాల్లో పాతుకున్నారు. బాప్టిస్టుల సంప్రదాయంలో నిజానికి తపస్సు కాలం లాంటిదేమీ లేదు. ఇప్పుడు నలభై రోజుల లెంట్ కూటాలు లేని గుడి ఉందా? గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా చెప్పే ఏడు మాటలు, అంటే యేసు సిలువ మీద పలికిన మాటల మీద ప్రసంగాలు, 17వ శతాబ్దం చివర్లో పెరూలోని లిమా నగరంలో జెస్విట్లు, అంటే కేథలిక్ గురువులు, మొదలుపెట్టినవి. మా దగ్గర ఇప్పుడు వాటికంటే స్లీవ మార్గానికే జనం. సమాధుల తోట ఆరాధన 1732లో జర్మనీలోని హెర్న్‌హట్ అనే ఊళ్లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ యువకులతో మొదలైంది. ఎవరిది ఎవరి దగ్గరికి చేరిందో చూస్తే నవ్వొస్తుంది. మాటలు మాత్రం ఎవరివి వాళ్లవే. మేం స్లీవ అంటే వాళ్లు సిలువ, మేం ఉత్థానం అంటే వాళ్లు పునరుత్థానం, మా మ్రానికొమ్మలు వాళ్లకి మట్టలు.

2020లో ఈ తగవే లేదు. ఏప్రిల్ 12న ఈస్టర్, లాక్‌డౌన్ నడుస్తోంది. కొత్త నిప్పు కూడా వద్దు, వత్తి వెలిగిస్తే చాలని రోమ్ చెప్పింది. ఖాళీ గుడిలో ఫాదర్ గారు, సెల్‌ఫోన్ పట్టుకున్న ఒక కుర్రాడు. మేం ఇళ్లలో చూశాం. ఎన్ని గంటలకన్నది ఎవరూ అడగలేదు.

విచారణ అంటే ఒక గుడి అనుకుంటారు బయటివాళ్లు. మా దగ్గర ఒక గుడి, దాని చుట్టూ సబ్‌స్టేషన్లు. కరెంటు సబ్‌స్టేషన్లు కాదు, గురువు నెలకి ఒకటి రెండుసార్లు వెళ్లే ఊళ్లు. జాగరణ ఒక గుడిలో ఒక్కసారే చేయాలి, గురువు ఒక్కడే, కాబట్టి అందరూ సెంటర్‌కి రావాలి. ఉద్దానం వైపైతే ఏప్రిల్ అంటే జీడి తోటల్లో పని ముమ్మరం, ఆదివారం కూడా పిక్కలు ఏరక తప్పదు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన సీతంపేట, కురుపాం, కొమరాడ వైపు ఇంకో భయం. 2007 నుంచి ఒడిశా అడవుల నుంచి వచ్చిన ఏనుగులు అక్కడ తిరుగుతున్నాయి, మనుషుల్ని చంపిన సందర్భాలూ ఉన్నాయి. ఆ దారుల్లో రాత్రి రెండు గంటలకి పిల్లల్ని భుజాన వేసుకుని వెళ్లమనడం ఏ లేఖలోనూ లేదు.

మా మీటింగ్‌కి అప్పుడప్పుడు వచ్చే పెద్దాయన ఒకరు ఇంకో లెక్క చెప్పారు. ఈస్టర్ ఎప్పుడూ పౌర్ణమి తర్వాత వచ్చే ఆదివారం కదా, శనివారం రాత్రికి వెన్నెల ఉంటుందా ఉండదా అన్నది పౌర్ణమి ఎన్ని రోజుల ముందు అయిందన్న దాన్ని బట్టి. 2026లో పౌర్ణమి ఏప్రిల్ 2న, జాగరణ 4న. ఎనిమిది గంటలకల్లా చంద్రుడు లేస్తాడు, పది దాటాక బయల్దేరినా దారంతా వెన్నెల. 2027లో పౌర్ణమి మార్చి 22న, జాగరణ 27న. చంద్రుడు వచ్చేసరికి పదిన్నర దాటుతుంది. ఆ ఏడు పదకొండుకి మొదలెడితేనే వెన్నెట్లో ఇంటికి పోతాం, ఏడుకైతే చీకట్లో పోవాలన్నారాయన.

మాస్టారి మొహం వెలిగింది. పన్నెండు కిలోమీటర్ల ఆవిడ మాత్రం కదల్లేదు. "ఫర్లేదండి, సెల్లులో లైటుంది" అంది.