"మా బాబు మీద ప్రయోగాలు చేస్తారా?": పిల్లల ఆసుపత్రి స్టడీల గురించి అపోహలు - వాస్తవాలు

పిల్లల ఆసుపత్రిలో రీసెర్చ్ కో-ఆర్డినేటర్‌ని. నా పనిలో సగం తల్లిదండ్రులతో మాట్లాడటమే. "ఒక స్టడీ ఉందండీ" అనగానే చాలామంది మొహంలో రంగు మారిపోతుంది. తరచూ వినే మాటలకు జవాబులు ఇక్కడ రాస్తున్నా.

అపోహ: స్టడీ అంటే కొత్త మందు ఎక్కించి ఏమవుతుందో చూడటం.

చాలా స్టడీల్లో అసలు మందే ఉండదు. ఎలాగూ పరీక్షకు తీసే రక్తంలోనే ఇంకొంచెం తీసుకోవడం, ఫైల్లో ఉన్న వివరాలు రాసుకోవడం, అప్పుడప్పుడు ఫోన్ చేసి బరువు, తిండి, బడి సంగతులు అడగడం, అంతే. మందు ఉన్న ట్రయల్స్ వేరు, వాటి గురించి జాగ్రత్తగా అడగాల్సిందే. కానీ పెద్దల మాత్రను సగం విరిచి, పావు విరిచి పిల్లలకు వెయ్యమంటున్నామంటే, చాలాసార్లు ఆ మందును పిల్లల్లో సరిగ్గా పరీక్షించకపోవడం వల్లే. పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్ ఏఎల్ఎల్‌నే తీసుకోండి. 1960ల మొదట్లో అది వస్తే బిడ్డ దక్కడం అరుదు, ఇప్పుడు మంచి వైద్యం అందే దేశాల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఇందులో ఎక్కువ భాగం ఉన్న మందులనే ఏ మోతాదులో, ఏ వరుసలో ఇవ్వాలో ఒక ట్రయల్ తర్వాత ఇంకో ట్రయల్ చేసి తేల్చుకోవడం వల్ల వచ్చిందే.

అపోహ: సంతకం పెట్టామంటే ఇక మన చేతుల్లో ఏమీ ఉండదు.

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) స్టడీ జరిగింది. హాస్టల్ పిల్లల విషయంలో చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. మధ్యలో జరిగిన మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలకపోయినా, సమ్మతి తీసుకున్న తీరు మాత్రం తప్పేనని పార్లమెంటు కమిటీ గట్టిగానే చెప్పింది. కొత్త మందుల ట్రయల్స్‌కు ఇప్పుడు 2019 నాటి నిబంధనలున్నాయి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ మీకివ్వాలి, ట్రయల్‌లో హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, అది ట్రయల్ వల్లేనని తేలితే పరిహారం ఇవ్వాలి. ఎప్పుడు మానేస్తామన్నా కారణం చెప్పక్కర్లేదు. సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్ అడగండి, ఆ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. నంబర్ చెప్పడానికి నసిగేవాళ్ల దగ్గర సంతకం పెట్టకండి.

అపోహ: వద్దంటే డాక్టర్ సరిగ్గా చూడరు.

చూడాలి. చూడకపోతే ఎథిక్స్ కమిటీకి (స్టడీలు సరైన పద్ధతిలో జరుగుతున్నాయో లేదో చూసే కమిటీ) ఫిర్యాదు చేయండి, ఫోన్ నంబర్ సమ్మతి పత్రంలోనే ఉంటుంది.

అపోహ: సగం మంది పిల్లలకు ఉత్తుత్తి మందు ఇచ్చి వదిలేస్తారు.

పనిచేసే వైద్యం ఉన్న జబ్బుకు దాన్ని ఆపేసి ఉత్తుత్తి మందు ఇవ్వడానికి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకూడదు. మన హైదరాబాద్‌లో తయారయ్యే రోటావైరస్ (పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలు తెచ్చే వైరస్) టీకా రోటావాక్ ట్రయల్ ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసివాళ్ల మీద జరిగింది. అందులో ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు ఇచ్చిన గుంపు ఉంది నిజమే, కానీ మామూలు టీకాలు ఆ పిల్లలకూ వేశారు, విరేచనాలు పట్టుకుంటే వైద్యమూ చేశారు. 2016 నుంచి ఆ టీకాను ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది, మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అపోహ: పిల్లాడిని అడిగేదేముంది, మేం ఒప్పుకుంటే చాలు.

చాలదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటితే నోటిమాటగా, పన్నెండు దాటితే రాతపూర్వకంగా పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి. వాళ్లు సాధారణంగా అడిగేది ఒకటే, సూది ఎన్నిసార్లు గుచ్చుతారని. మీరూ అదే అడగండి. ఆ లెక్క పత్రంలో లేకపోతే రాసిమ్మనండి.