రీజెన్సీ నవల వెనక పన్ను బకాయిలు

ఇంగ్లిష్ చారిత్రక ప్రేమ నవలల్లో రీజెన్సీది ప్రత్యేక శాఖ. రీజెన్సీ అంటే రాజు బదులు మరొకరు సాగించే పాలన. బ్రిటన్ రాజు మూడో జార్జి మతి చెడడంతో యువరాజు పాలన చేపట్టిన 1811 నుంచి, రాజు చనిపోయిన 1820 దాకా దాని కాలం. ఈ తొమ్మిదేళ్ల ముక్క చుట్టూ ఇన్ని నవలలు పుట్టడానికి ఇంగ్లిష్ రచయిత్రి జార్జెట్ హేయర్ (1902–1974) ముఖ్య కారణం. ఆ కాలంలోనే బతికి రాసిన నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్‌కి ఆ లోకం వర్తమానం, విడమరిచి చెప్పే పని లేదు. వందేళ్లు దాటాక రాసిన హేయర్ దాన్ని కాగితాల్లోంచి తవ్వి తీయాల్సి వచ్చింది.

మొదటి నవల ‘ది బ్లాక్ మాత్’ (1921) హిమోఫీలియాతో (రక్తం గడ్డకట్టని జబ్బు) బాధపడే తమ్ముడు బోరిస్‌కి కాలక్షేపంగా అల్లిన కథ. 1925లో పెళ్లయింది, అదే ఏడు తండ్రి పోయాడు, తమ్ముళ్ల బాధ్యత మీద పడింది. 1926లో బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె జరిగిన రోజుల్లో వచ్చిన ‘దీజ్ ఓల్డ్ షేడ్స్’ ప్రచారమే లేకుండా 1,90,000 ప్రతులు అమ్ముడైంది. ప్రచారంతో పనేముందని అప్పుడే తేల్చుకుని, జీవితాంతం ఇంటర్వ్యూలకు దూరంగా ఉండిపోయింది. రీజెన్సీ కాలంలోకి అడుగుపెట్టింది 1935లో, ‘రీజెన్సీ బక్’తో.

అసలు బలం ఆమె నోటు పుస్తకాల్లో ఉంది. దుస్తులు, టోపీలు, రంగులు, దుకాణాలు, ధరలు, అన్నిటికీ వేరువేరు శీర్షికలు. ఫలానా ఏట కొవ్వొత్తి ఖరీదెంతో కూడా రాసుకుంది. వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన సేనాని వెల్లింగ్టన్ రాతతీరు పట్టుకోవడానికి ఆయన ఉత్తరం ఒకటి కొనుక్కుంది. వాటర్లూ యుద్ధం మీద రాసిన ‘యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ’లో (1937) ఆయన నోట పలికించిన ప్రతి మాటా ఆయన నిజంగా అన్నదో రాసిందో అని చెప్పుకుంది.

అనుకరించేవాళ్లు తప్పటడుగు వేసేది సాధారణంగా పిలుపుల దగ్గరే. ఎర్ల్ (పెద్ద ప్రభువంశపు బిరుదు) కూతురు ‘లేడీ మేరీ’; నైట్ (‘సర్’ బిరుదున్నవాడు) భార్య ‘లేడీ స్మిత్’. మొదటిదానికి సొంత పేరు, రెండోదానికి ఇంటిపేరు. తారుమారైతే తండ్రి హోదా పోయి మొగుడి హోదా వచ్చిపడుతుంది. లేచిపోయిన జంట స్కాట్లాండ్ దారి పట్టడం కూడా ఉత్త సరదా కాదు: 1753 చట్టం ప్రకారం ఇంగ్లండులో 21 ఏళ్లు నిండనివాళ్లు లైసెన్సు మీద పెళ్లాడాలంటే పెద్దల సమ్మతి కావాల్సి ఉండేది, ఆ చట్టం స్కాట్లాండ్‌లో చెల్లేది కాదు.

హేయర్ నవలల్ని కాపీ కొడుతున్నారన్న గొడవ 1961లో ముదిరింది. ఒక పాఠకురాలు మరో రచయిత్రి నవలలు చూపించింది. హేయర్ కూర్చుని, తన పుస్తకాల్లోంచి ఎత్తుకున్నవాటి జాబితా తయారుచేసింది. బయటి జనానికి దొరకని ఒక ప్రైవేటు ముద్రణ జ్ఞాపకాల పుస్తకంలో హేయర్ పట్టుకున్న నుడికారం ఆ నవలల్లో మళ్లీమళ్లీ కనిపించింది. అంతకంటే గట్టి సాక్ష్యం, తాను కల్పించిన సంఘటన చరిత్రగా చలామణీ కావడం! నిజమైన చరిత్ర ఇద్దరికీ దొరకవచ్చు, కల్పన ఎక్కడినుంచి వస్తుంది? లాయర్లు కోర్టుకెళ్లమన్నా ఆమె వెళ్లలేదు.

ఈ నవలలు ఇన్ని రావడానికి ఇష్టంతో పాటు ఆదాయపు పన్ను కూడా కారణం. బకాయిల ఒత్తిడికి ఒక కంపెనీ పెట్టి హక్కులు దాని పేర పెట్టింది. అందులోంచి ఎక్కువ సొమ్ము తీసిందని 1966లో పన్నుల ఇన్‌స్పెక్టరు తేల్చాక, 17 నవలల హక్కులున్న ఆ కంపెనీని బుకర్ మెకొనెల్ అనే బ్రిటిష్ సంస్థకి సుమారు 85,000 పౌండ్లకు అమ్మింది. ఇంగ్లండు రాజవంశమైన లాంకాస్టర్ వంశం మీద మూడు సంపుటాలు రాయాలన్నది ఆమె పెద్ద ప్రణాళిక. పన్ను కట్టడానికి మధ్యలో రీజెన్సీ నవల రాయాల్సి వచ్చినప్పుడల్లా అది పక్కకు జరిగేది. మొదటి సంపుటి ‘మై లార్డ్ జాన్’ అసంపూర్తిగానే, ఆమె పోయాక 1975లో అచ్చయింది.