పాడకపోతే తప్పా, తాతయ్యా?

చిన్నీ, బాబీ,

మీ వాయిస్ మెసేజ్ విన్నాను. మీ క్లాసులో ఒక పిల్ల ప్రార్థనప్పుడు బుద్ధిగా నిలబడుతుంది గానీ నోరు విప్పదట, అది తప్పా కాదా అని మీరిద్దరూ జుట్లు పట్టుకున్నారట.

1985లో కేరళలో ఇలాంటి గొడవే జరిగింది. ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు, పదీ తొమ్మిదీ ఐదూ చదువుతున్నారు, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ వాళ్లు. జనగణమనకి మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, తమ మత నమ్మకం ఒప్పదని పాడేవాళ్లు కాదు. వాళ్ల అక్కలూ అలాగే చదువుకుని వెళ్లారు, ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి ఒక ఎమ్మెల్యే చూసి అసెంబ్లీలో లేవనెత్తడంతో బడి నుంచి తీసేశారు. కేరళ హైకోర్టులో ఓడినా తండ్రి ఇమ్మాన్యుయేల్ గారు వదల్లేదు, సుప్రీంకోర్టుకెళ్లారు. 1986 ఆగస్టు 11న తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. పాడి తీరాలని ఏ చట్టమూ లేదు, లేచి నిలబడ్డారు కాబట్టి అగౌరవమూ లేదు, పిల్లల్ని మళ్లీ చేర్చుకోండి అన్నారు.

మరి ఆ నమ్మకం పిల్లలదా, నాన్నదా అంటావు కదూ చిన్నీ? అడగాల్సిందే.

మా చిన్నప్పుడు ఎండాకాలం తోట బావిలో ఈత నేర్పేవాళ్లు. వీపుకి ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి, నడుముకి తాడు కట్టి, కొస మా నాన్న పట్టుకుని మెట్ల మీద కూచునేవాడు. మా పెదనాన్న కొడుకైతే బావిలో సగం నీళ్లు తాగేశాడు, పైకొచ్చి ఉప్పూకారం అద్దిన మామిడి ముక్క తింటే గానీ ఏడుపు ఆపలేదు. మా నాన్న మాత్రం చెప్పకుండానే రోజుకింత తాడు వదులు చేసేవాడు. నమ్మకాలూ అంతే, మొదట అమ్మానాన్నలు కట్టిన బుర్ర మీదే తేలతాం. మన రాజ్యాంగం 28వ అధికరణ చూడండి, ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడి చిన్నపిల్లల్ని మతబోధకో ప్రార్థనకో కూచోబెట్టాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. అంటే తాడు మీ నాన్న చేతిలోనే ఉంది. కానీ 1992లో మన దేశం ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక ఇంకో మాట కూడా అంటుంది, నమ్మకం విషయంలో స్వేచ్ఛ పిల్లలకీ ఉంది, పెద్దవాళ్లు దారి చూపించాలి, అదీ పిల్లల బుద్ధి ఎదిగేకొద్దీ దానికి తగ్గట్టుగా. మా నాన్న అవేవీ చదవలేదు, తాడు వదలడం మాత్రం తెలుసు. ఇప్పటి నాన్నల్లో కొందరు పెళ్లీడు వచ్చినా తాడు వదలరు, ఇంకొందరు బుర్ర కట్టకుండానే నూతిలోకి తోసి దానికి స్వేచ్ఛ అని పేరు పెడతారు. నాకు రెండూ నచ్చవు.

సరే, ఒక పని చెయ్యండి. సోషల్ పుస్తకంలో రాజ్యాంగ పీఠిక తీసి, అందులో భావప్రకటన, విశ్వాసం అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి. రాత్రి అన్నాల దగ్గర మీ నాన్నని అడగండి, "మేం పెద్దయ్యాక నువ్వు నమ్మేది మేం నమ్మకపోతే ఏం చేస్తావు?" అని. వాడికి కోపమొస్తే నాకు ఫోన్ కలపండి, నేను మాట్లాడతాను.

మీ తాతయ్య