లేజర్ కాంతి, కాళ్ల నరాల బ్లాకులు: అపోహలు – వాస్తవాలు

కాళ్ల రక్తనాళాల జబ్బులకు వైద్యం చేసే నా దగ్గరికి, మణికట్టుకు ఎర్రకాంతి లేజర్ గడియారం కట్టుకుని వచ్చేవారు ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నారు. కొందరు మందుల చీటీ చేతిలో పెట్టుకుని, "ఇది వాడుతున్నాం కదండీ, ఇక ఆ మాత్రలు మానేయవచ్చా?" అని అడుగుతారు. అడిగేవారితో నాకు ఇబ్బంది లేదు. అడగకుండానే మానేసి, కాలి వేలు నల్లబడ్డాక వచ్చేవారిని తలచుకునే ఇది రాస్తున్నాను.

అపోహ: తక్కువ శక్తి లేజర్ కాంతి నరాల్లోని బ్లాకులను కరిగిస్తుంది.

కరిగించదు. అయితే ఈ అపోహ పూర్తిగా గాలిలోంచి పుట్టినది కాదు కనుకనే ఇంత మొండిగా నిలబడింది. రక్తనాళం లోపలి గోడకు అస్తరులా ఒకే పొరగా పరుచుకుని ఉండే ఎండోథీలియల్ కణాలను, సాధారణంగా శిశువు బొడ్డుతాడులోని సిర నుంచి తీసి, గాజు పాత్రలో పెంచుతారు. వాటిపై ఎర్రని లేదా పరారుణ కాంతిని తగిన మోతాదులో ప్రసరింపజేస్తే అవి చురుగ్గా విభజన చెందుతాయనీ, గీరి ఖాళీ చేసిన చోటును త్వరగా పూడుస్తాయనీ, నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయనీ అనేక ప్రయోగాల్లో తేలింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ కాంతిని గ్రహించడమే ఇందుకు మూలమన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. వెలుగుకూ రక్తనాళానికీ ఉన్న ఈ సంబంధం కొత్తది కూడా కాదు. కాంతి పడినప్పుడు కుందేలు మహాధమని ముక్కలు సడలుతున్నాయని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1950లలోనే గమనించాడు. నైట్రిక్ ఆక్సైడ్‌పై చేసిన కృషికి ఆయన 1998లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1960ల చివర్లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే వైద్యుడు వెంట్రుకలు గొరిగిన ఎలుకల చర్మంపై తక్కువ శక్తి రూబీ లేజర్‌ను ప్రయోగించినప్పుడు, వెలుగు పడిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి.

ఇవన్నీ నిజాలే. గాజు పాత్రలోని కణానికీ, ఇరవై ఏళ్ల మధుమేహంతో గట్టిపడిన తొడ ధమనికీ మధ్య ఉన్న దూరాన్ని అమ్మకందారు ఒక్క గెంతులో దాటేస్తాడు, అక్కడే మోసం మొదలవుతుంది. బ్లాకు అంటే ఎండోథీలియం మీద పేరుకున్న మురికి కాదు. అది ఆ పొర వెనుక, నాళం గోడలోనే, కొవ్వు, పీచు కణజాలం, కాల్షియం కలిసి ఏళ్ల తరబడి కట్టిన గడ్డ. శస్త్రచికిత్సలో అలాంటి ధమనిని కోసేటప్పుడు కత్తెర కింద అది కోడిగుడ్డు పెంకులా పటపటలాడుతుంది. కణాలను విభజన వైపు ప్రోత్సహించే వెలుగుకు ఆ పెంకుతో చేయగల పని ఏదీ లేదు.

పైగా ఆ వెలుగు అక్కడికి చేరాలి కదా. ఎర్రకాంతి చర్మం కింద కొద్ది మిల్లీమీటర్లలోనే చాలావరకు చెదిరి, ఇంకిపోతుంది. తొడ ధమని ఎక్కువ భాగం కండరాల మధ్య అంతకంటే చాలా లోతున ఉంటుంది. ఇక గడియారం సంగతి చూద్దాం. 5 మిల్లీవాట్ల కిరణాన్ని 30 నిమిషాలు వేస్తే మొత్తం 9 జౌళ్ల శక్తి వస్తుంది. అది రెండు మిల్లీలీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సరిపోతుంది. మణికట్టు దగ్గర కాస్త నైట్రిక్ ఆక్సైడ్ విడుదలైందనుకున్నా, రక్తంలోకి చేరగానే హిమోగ్లోబిన్ దానిలో చాలా భాగాన్ని క్షణాల్లో పట్టేస్తుంది కనుక, పిక్క దాకా ప్రయాణించి అక్కడి మార్గాన్ని తెరుస్తుందనడం ఊహ మాత్రమే.

మన మాట కూడా ఈ వ్యాపారానికి తోడ్పడుతోంది. రక్తం పారే గొట్టాన్నీ, స్పర్శ మోసే నాడినీ మనం "నరం" అనే అంటాం. మధుమేహం వల్ల నాడులు దెబ్బతిని అరికాళ్లు మండుతున్న మనిషికీ, ధమని మూసుకుపోయి నాలుగడుగులకే పిక్క పట్టేస్తున్న మనిషికీ ఒకే "నరాల వైద్యం" అమ్ముడవుతుంది. మొదటివారికి మంట కాస్త తగ్గినట్టు అనిపించిందని రెండోవారు విని, నమ్మి, నెలలు పోగొట్టుకుంటారు.

గత వేసవిలో వచ్చిన డెల్టా రైతు ఒకాయన అలాంటివారే. అరవై దాటిన వయసు, మధుమేహం, నలభై ఏళ్ల చుట్ట అలవాటు. నాలుగు నెలలు లేజర్ గడియారం కట్టుకుని, లేజర్ సిట్టింగులకు తిరుగుతూ ఆస్పిరిన్, కొవ్వు మాత్రలు ఆపేశారు. వచ్చేటప్పటికి చిటికెన వేలు నల్లబడింది. రాత్రిళ్లు కాలు మంచం కిందికి వేలాడేస్తే తప్ప నిద్ర పట్టడం లేదన్నారు. ఈ లక్షణం ఎవరికి ఉన్నా వారం కూడా ఆగకూడదు. ఆయన కొడుకు నా ముందు ఒక పరిశోధన పత్రం పెట్టి, "వాళ్లు అబద్ధం చెప్పలేదు డాక్టరు గారూ, ఇందులో కణాలు పెరిగాయని ఉంది చూడండి" అన్నాడు. ఆ అబ్బాయిని కోప్పడబోయి ఆగిపోయాను. తండ్రి కాలు తీసేస్తారేమోనన్న భయంతో రాత్రంతా కూర్చుని ఆంగ్ల పత్రం చదివిన బిడ్డను ఏమనగలం? చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూస్తే నిష్పత్తి 0.4 కూడా లేదు. 0.9 కంటే తగ్గినా చాలు, కాలికి రక్తం సరిగా అందడం లేదని అనుమానించాలి. మధుమేహులలో ధమనులు గట్టిపడి ఈ అంకె అబద్ధంగా ఎక్కువ చూపవచ్చు కనుక, బాగుందని వచ్చినా నేను కాలి వేలి దగ్గర రక్తపోటు మళ్లీ చూస్తాను.

మిగిలిన అపోహలను క్లుప్తంగానే చెబుతాను. ఉబ్బిన సిరలకు మేం వాడే లేజర్ ఇదేనా అంటే, కాదు. అది సిర లోపలికి దూర్చిన తీగ ద్వారా వేడి పుట్టించి ఎండోథీలియాన్ని కావాలనే కాల్చి, నాళాన్ని మూసేస్తుంది. కంటి రెటీనాకు వేసేది కూడా కాల్చే లేజరే. ఎంత ఎక్కువ వెలుగు వేస్తే అంత మేలా అంటే, కానే కాదు. తక్కువ మోతాదుకు చురుకెక్కిన కణాలే మోతాదు మించితే మందగిస్తాయి. ఈ కాంతి క్యాన్సర్ తెస్తుందా అన్న భయానికి ఆధారం లేదు, ఎక్స్‌రేల మాదిరిగా ఇది డీఎన్‌ఏను విరిచే కిరణం కాదు. అయితే కణాలను ప్రోత్సహించే గుణం ఉందంటున్నాం కనుక, క్యాన్సర్ గడ్డ ఉన్న చోట నేరుగా వేయకుండా జాగ్రత్త పడతారు. క్యాన్సర్ చికిత్సలో నోరు పూయకుండా కాపాడటానికి మాత్రం దీన్ని ప్రామాణిక మార్గదర్శకాలే సిఫారసు చేస్తున్నాయి. అక్కడ కణజాలం కంటికి కనబడేంత పైపైన ఉంటుంది, మోతాదు కొలిచి ఇస్తారు.

ఎండోథీలియానికి మేలు చేయాలన్న ఆరాటం ఉన్నవారికి నేను ఇచ్చే సలహా చప్పగా ఉంటుంది. పుండు లేని, రాత్రి నొప్పి లేని కాలయితే నడవాలి. పిక్క పట్టేసే దాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. రక్తం వేగంగా పారుతూ నాళపు గోడను రాసుకున్నప్పుడు ఆ కణాలే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారు చేస్తాయి, అదీ లోతుగా ఉన్న ధమనిలోనే. చుట్ట, బీడీ, సిగరెట్ ఆ తయారీని దెబ్బతీస్తాయి.

ఆ రైతుకు బైపాస్ చేశాం. వేలు పోయింది, పాదం నిలిచింది. గాయం మానాక నడక మొదలుపెట్టమంటే, కాలువ గట్టు మీద కరెంటు స్తంభాలు లెక్కపెడుతూ నడుస్తున్నారు. అంతకుముందు మూడో స్తంభం దగ్గరే కూలబడేవారట, మొన్న పన్నెండు దాటానని చెప్పారు. గడియారాన్ని మనవడికి ఆడుకోవడానికి ఇచ్చేశానని నవ్వుతుంటే, ఆ వెలుగు పిల్లవాడి కంట్లో పడితే ప్రమాదమని చెప్పి వెంటనే తీసేయించమన్నాను.