ర్యాంకు కంటే ముందు చూసుకోవాల్సినవి: మెడికల్, నర్సింగ్ అడ్మిషన్లపై అపోహలు - వాస్తవాలు

జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లల చేత కౌన్సెలింగ్ దరఖాస్తులు నింపించడం, వాళ్ల సర్టిఫికెట్లు సరిచూడడం నా పని. ఏడాది పొడవునా ర్యాంకు గురించే మాట్లాడే తల్లిదండ్రులు, అర్హత నిబంధనల గురించి మాత్రం రిజల్ట్స్ వచ్చాకే అడుగుతారు. అప్పటికి కొన్ని చేయి దాటిపోయి ఉంటాయి.

అపోహ: "మాది ఖమ్మం, ఆధార్ కూడా అక్కడిదే. కాబట్టి మా అబ్బాయి తెలంగాణ లోకలే."

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లోకల్ అనేది, అంటే రాష్ట్ర కోటా సీట్లకు స్థానికుడిగా అర్హత, ఆధార్‌ను బట్టో, తాతల ఊరిని బట్టో తేలదు. పిల్లవాడు ఎక్కడ చదివాడన్నదే ముఖ్యం. తెలంగాణలో 2024 జులైలో వచ్చిన జీవో 33 ప్రకారం ఇంటర్ సెకండియర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. దీనిపై కోర్టుల్లో చాలాకాలం నలిగింది. చివరికి 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. బదిలీలయ్యే కొన్ని రకాల ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది కానీ, మంచి కోచింగ్ అని పిల్లల్ని ఇంటర్‌కి విజయవాడ పంపిన మామూలు కుటుంబానికి లేదు. దగ్గరే కదా అనుకుంటారు, మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉందని గుర్తుండదు. ఇంటర్ తర్వాత లాంగ్ టర్మ్ (నీట్ మళ్లీ రాయడానికి తీసుకునే ఏడాది కోచింగ్) ఎక్కడ చేసినా ఈ నాలుగేళ్ల లెక్కలోకి రాదు, దానికి టెన్షన్ అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం లోపలే ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ), ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) అని రెండు లోకల్ ప్రాంతాలున్నాయి. నెల్లూరు ఎస్వీయూలోకి, పక్కనే ఉన్న ప్రకాశం ఏయూలోకి వస్తాయి. చివరి నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో లేకపోతే, ఆరో తరగతి నుంచి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. అందుకే ఆరు నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. స్కూలు మూతపడిందంటే వాటి కోసం తిరగడానికే రోజులు పోతాయి.

అపోహ: "నీట్ క్వాలిఫై అయితే చాలు, ఇంటర్ మార్కులు ఎవరు చూస్తారు?"

చూస్తారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్‌కు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం రావాలి. ఈడబ్ల్యూఎస్‌కు (ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినవారికి) సడలింపు లేదు, వాళ్లకూ 50 శాతమే. సంస్కృతంలో వచ్చిన 98 ఇక్కడ పనికిరాదు. మొత్తం శాతం చూసి మురిసిపోకుండా గ్రూపు సబ్జెక్టులు విడిగా కూడి చూడండి. వయసు ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండాలి. గరిష్ఠ పరిమితి 2022లోనే తీసేశారు.

క్వాలిఫై అంటే సీటు అని కూడా కాదు. జనరల్ వాళ్లు క్వాలిఫై కావడానికి కావాల్సిన 50 పర్సంటైల్ అంటే సగం మార్కులు కాదు, రాసినవాళ్లలో సగం మంది కంటే పైన ఉండడం. 2025లో జనరల్ కటాఫ్ 720కి 144. అలా క్వాలిఫై అయినవాళ్లు 12 లక్షల పైచిలుకు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా పాతిక వేలు.

అపోహ: "డబ్బుంటే నీట్ లేకుండానే సీటు."

బీ కేటగిరీ (ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లు), ఎన్నారై కోటా, దేనికైనా నీట్ క్వాలిఫై కావాల్సిందే. విదేశాల్లో చదివి ఇక్కడ ప్రాక్టీస్ చేయాలన్నా అంతే. "నీట్ లేకుండా ఇప్పిస్తాం" అన్న ఏజెంటుకు అడ్వాన్స్ కట్టకండి.

అపోహ: "నర్సింగ్‌కి ఏ గ్రూపైనా చాలు, అదీ అమ్మాయిలకే."

బీఎస్సీ నర్సింగ్‌కు సైన్స్ గ్రూపు, ఇంగ్లిష్ ఉండాలి, 45 శాతం మార్కులు రావాలి. రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపు ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో మన రెండు రాష్ట్రాల్లో సీట్లు ఇస్తున్నది ఈఏపీసెట్ (ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీలకు రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష) ర్యాంకు మీద. నీట్ కోసం చదువుతున్నామని ఆ పరీక్షకు అప్లై చేయనివాళ్లే చివరికి బాధపడతారు. ఆర్ట్స్ వాళ్లకు మూడేళ్ల జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా ఉంది. అబ్బాయిలూ చేరవచ్చు, కొన్ని కాలేజీలు మాత్రం అమ్మాయిలకే.

చివరిగా బీసీ విద్యార్థులకు ఒక మాట. స్టేట్ కౌన్సెలింగ్‌లో చెల్లే బీసీ-ఏ, బీసీ-డి సర్టిఫికెట్ ఆలిండియా కోటాకు (కేంద్రం కౌన్సెలింగ్ ద్వారా దేశమంతటి విద్యార్థులకూ ఇచ్చే సీట్లకు) చెల్లదు. అక్కడ సెంట్రల్ ఓబీసీ జాబితాలో కులం పేరు ఉండాలి, నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (కుటుంబం సంపన్న శ్రేణిలోకి రాదని చెప్పేది) కొత్తది ఉండాలి. మీ కులం ఆ జాబితాలో ఉందో లేదో నీట్ అప్లికేషన్ నింపేటప్పుడే చూసుకోండి.